మేకుల నేలలో పాత బిళ్లలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండులో ఉంటూ డిటెక్టరుతో, అంటే భూమిలోని లోహాన్ని పసిగట్టే యంత్రంతో, పాత నాణేలు, బిళ్లలు వెతికే తెలుగువారివి. చాలామంది గోడు ఇంచుమించు ఒకటే: ఇనుము. అందుకే మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైంది. మిగతావారు మన్నించాలి.

ప్రశ్న: మాస్టారూ, మేము సఫోక్‌లో ఉంటున్నాం. ఊళ్లో ఒక రైతు తన పొలంలో వెతుక్కోవడానికి నాకు అనుమతి ఇచ్చారు. పొలంలో ఒక మూల పూర్వం కమ్మరి కొలిమి, దాన్ని ఆనుకొని పూటకూళ్ల ఇల్లు ఉండేవట. అక్కడ డిటెక్టరు పెట్టానంటే ఎడతెగకుండా గరగరమంటుంది. తవ్వితే మేకులు, లాడాల ముక్కలు, గొలుసు కొక్కేలు. ఇనుము వినపడకుండా యంత్రాన్ని సరిచేస్తే పూర్తిగా మూగబోతుంది. అదే మూలలో మరొకాయనకు పాత బిళ్లలు నాలుగు దొరికాయి. నేను ఆ చోటు వదిలేసి శుభ్రమైన నేల చూసుకోవడం మంచిదా?
— ఒక పాఠకుడు, ఇప్స్‌విచ్ దగ్గర

జవాబు: వదలకండి. ఆ పొలం మొత్తంలో వెతకదగ్గ చోటు అదే. మీరు శుభ్రమైన నేల అంటున్నది మనుషులు పెద్దగా మసలని నేల. మేకులు ఉన్నాయంటే తలుపులు, పెట్టెలు, బండ్లు ఉండేవి. లాడాల ముక్కలు ఉన్నాయంటే అక్కడ గుర్రాలు ఆగేవి. గుర్రం ఆగిన చోట మనిషి దిగి సంచీ విప్పి ఎవరికో ఒకరికి డబ్బు ఇచ్చేవాడు. చిల్లర చేతులు మారే చోటే జారి పడేది కూడా.

ముందు, తవ్వి తీసిన మేకులను పారేయకుండా కడిగి చూడండి. కాడ నలుపలకలుగా ఉండి, కొనకు పోనుపోను సన్నబడి, తల మీద సుత్తి దెబ్బలు కనిపిస్తే అది కమ్మరి చేత్తో కొట్టిన మేకు. కాడ గుండ్రంగా, మొదటి నుంచి చివరిదాకా ఒకే లావున ఉంటే అది యంత్రం మీద తీగతో చేసినది. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగం నుంచి ఇవే ఎక్కువ. మీకు నలుపలకల మేకులే వస్తున్నాయంటే, పాత బిళ్లలు చెలామణి అయిన కాలంలో ఆ చోట జనసంచారం ఉండేదన్నమాట. కొత్త పొలంలో అడుగుపెడితే నేను మొట్టమొదట తెలుసుకోవాలనుకునేది అక్కడి మేకు ఎలా ఉందన్నదే.

ఇక యంత్రం మూగబోవడం సంగతి. యంత్రం కింది కొనన ఉండే గుండ్రటి పళ్లెం లాంటి భాగమే కాయిల్. కాయిల్‌లోని ఒక తీగచుట్ట భూమిలోకి నిరంతరం మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. ఆ క్షేత్రం లోహాన్ని తాకితే అందులో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి వల్ల ఏర్పడే క్షేత్రాన్ని రెండో తీగచుట్ట పట్టుకుంటుంది. పంపినదానికి, తిరిగి వచ్చినదానికి మధ్య తేడా చూసి ఇది ఇనుమో, రాగి ఇత్తళ్లో యంత్రం అంచనా వేస్తుంది. కింద ఒకే వస్తువు ఉంటే ఇబ్బంది లేదు. యంత్రంతో పాటు సాధారణంగా వచ్చే పదకొండు అంగుళాల కాయిల్ కింద, మీ కొలిమి మూలలో, ఒకేసారి అనేక మేకులు ఉంటాయి. మేకుల మధ్య బిళ్ల ఉన్నా అన్నిటి సమాధానాలూ కలగలిసి వస్తాయి. ఇనుము వద్దని మీరు ముందే చెప్పి ఉంచారు గనక యంత్రం ఆ మొత్తాన్నీ నొక్కేస్తుంది. మేకుతో పాటు బిళ్ల గొంతూ పోతుంది.

ఈ ఇబ్బంది డిటెక్టరుతో పాటే పుట్టింది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు, శరీరంలో దిగబడిన తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక పరికరం తయారుచేసి తెచ్చాడు. అంతకుముందు పరీక్షల్లో చక్కగా పనిచేసిన పరికరం అధ్యక్షుడి మంచం దగ్గర తికమక శబ్దాలు చేసింది. రోగి పడుకున్న పరుపు కింద ఉక్కు తీగల స్ప్రింగులు ఉన్నాయని తర్వాత తెలిసింది. తూటా దొరకలేదు, సెప్టెంబరులో అధ్యక్షుడు కన్నుమూశాడు. మీ కొలిమి మూలలోని మేకులు చేస్తున్నది ఆనాడు ఆ స్ప్రింగులు చేసిన పనే.

కాబట్టి మొదటి పని, ఇనుము నోరు నొక్కడం మానండి. దాని శబ్దం సన్నగా, లోగొంతులో వినపడేలా పెట్టుకోండి, పూర్తిగా మాత్రం ఆపవద్దు. పెళ్లి బాజాల మధ్య కూడా ఇంట్లో చంటిపిల్ల గజ్జెల చప్పుడు తల్లి చెవిన పడుతుంది కదా, మీ చెవికీ అలాంటి సాధన కావాలి. హెడ్‌ఫోను తప్పనిసరి. నేను ఉద్యోగకాలమంతా రైల్వే సిగ్నల్ విభాగంలో గడిపినవాణ్ణి. లోహం ఏదో చెప్పడానికి యంత్రం తెరమీద చూపే అంకె కన్నా చెవిని నమ్మమని పట్టుబట్టి చెబుతాను. మేకుల మధ్య ఉన్న బిళ్లకు తెర చూపించే అంకె దాదాపు ఎప్పుడూ తప్పే. ఇనుము దాన్ని కిందికి లాగేస్తుంది.

రెండోది, చిన్న కాయిల్ కొనుక్కోండి. ఆరంగుళాల కాయిల్ కింద ఒకేసారి పట్టే మేకులు తక్కువ, వాటి మధ్య ఖాళీలు ఎక్కువ. లోతు కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి. దున్నిన పొలంలో చాలా బిళ్లలు నాగలి కదిపిన పైమట్టిలోనే ఉంటాయి. రికవరీ స్పీడు అనే అమరిక మీ యంత్రంలో ఉంటే పెంచండి. ఒక వస్తువు నుంచి తేరుకొని పక్కదాన్ని విడిగా గుర్తించడానికి యంత్రం తీసుకునే సమయం దానితో తగ్గుతుంది. దీనివల్లా కాస్త లోతు పోతుంది, ఈ చోట అదేమంత నష్టం కాదు.

మూడోది, మీ చెయ్యి. కొత్తవాళ్లు కొడవలితో గడ్డి కోసినట్టు విసురుగా తిప్పుతారు. మీరు అడుగు ముందుకు వేయకుండా, కాయిల్‌ను నేలకు ఆనీ ఆననట్టు పట్టుకొని, మెల్లగా, చిన్న చిన్న ఊపులతో తిప్పండి. ఇనుప గరగరలో ఎక్కడైనా ఒక చిన్న తీయని ముక్క, సగంలో తెగిపోయిన శబ్దం వినిపిస్తే ఆగండి. అదే చోటు మీద తూర్పు పడమరలుగా తిప్పినది ఉత్తర దక్షిణాలుగా తిప్పి చూడండి. మేకు పొడవాటిది కాబట్టి ఒక దిక్కున ఒక రకంగా, అడ్డంగా మరో రకంగా పలుకుతుంది. బిళ్ల గుండ్రటిది, ఏ దిక్కు నుంచి వచ్చినా తన చోట నుంచే పలుకుతుంది. పక్కన మేకు ఉంటే ఒక దిక్కున దాని నీడలో పడి వినపడకపోవచ్చు. అందుచేత ఒక్క దిక్కున మాత్రమే పలికినా, శబ్దం పొట్టిగా, గుండ్రంగా ఉండి, చోటు మారకుండా ఉంటే తవ్వాల్సిందే.

మోసం చేసేవి పెద్ద లాడాలు, చదునైన ఇనుప రేకులు. ఇవి ఒక్కోసారి అచ్చం వెండిలా పైగొంతులో పలుకుతాయి. కాయిల్‌ను నాలుగైదు అంగుళాలు పైకి ఎత్తండి. చిన్న బిళ్ల శబ్దం వెంటనే సన్నగిల్లుతుంది, పెద్ద ఇనుము మాత్రం మొండిగా అరుస్తూనే ఉంటుంది. రెండు దిక్కుల నుంచి చూసినప్పుడు శబ్దం వచ్చే చోటు పక్కకు జరిగితే అదీ చాలావరకు ఇనుమే.

తీసిన ప్రతి మేకునూ సంచీలో వేసుకొని పొలం బయటికి తీసుకువెళ్లండి. మళ్లీ గుంటలో వేసి పూడ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఒక్క మేకు పోతే దాని నీడలో దాగినది బయటపడుతుంది, పైగా రైతు ట్రాక్టరు టైరుకూ మేలే. దున్నకం తర్వాత మళ్లీ వెళ్లండి. నాగలి మట్టిని తిరగేసినప్పుడల్లా మేకుల వరస మారుతుంది. నిరుడు మూగగా ఉన్న బిళ్ల ఈ ఏడు పలకవచ్చు.

ఇంటి పెరట్లో చేయదగ్గ సాధన ఒకటుంది. ఒక చెక్క మీద నాలుగు మేకులు అటూ ఇటూ పరిచి, వాటి మధ్య ఒక పాత కంచు పెన్నీ పెట్టండి (ఇప్పటి పెన్నీ లోపల ఉక్కే). అన్ని దిక్కుల నుంచీ కాయిల్ తిప్పుతూ, ఏ దిక్కున ఏ వేగంతో పెన్నీ వినపడుతుందో పట్టుకోండి. మీ యంత్రం స్వభావం అరపూటలో తెలిసిపోతుంది.

ప్రశ్న: ఎసెక్స్‌లో ఒక దున్నిన పొలంలో, ఊరికి బాగా దూరంగా, బొటనవేలి గోరంత పలచటి ఇత్తడి బిళ్ల దొరికింది. ఒకవైపు నడుమ శంకువులా నిలబడిన బొమ్మ, చుట్టూ అక్షరాలు. రెండో వైపు నడుమ మూడు అక్షరాలు: పైన ఒకటి, కింద రెండు. రాజుగారి తల ఎక్కడా లేదు. ఇది ఏమిటి? అంత దూరం ఎలా వెళ్లింది?
— ఒక పాఠకురాలు, చెమ్స్‌ఫర్డ్

జవాబు: అమ్మా, మీకు దొరికింది పదిహేడో శతాబ్దపు వర్తకుడి ఫార్దింగు బిళ్ల. శంకువులా ఉన్నది పంచదార దిమ్మ. ఆ రోజుల్లో పంచదారను అలాంటి దిమ్మలుగానే పోసి అమ్మేవారు. కాబట్టి దీన్ని వేయించినవారు కిరాణా వ్యాపారి అయి ఉండే అవకాశం ఎక్కువ.

1649 జనవరిలో మొదటి చార్లెస్ రాజు తల నరికారు. రాజు పేరిట చెలామణి అయిన చిన్న రాగి ఫార్దింగుల ముద్రణ అప్పటికే ఆగిపోయింది. కొత్త ప్రభుత్వం రాగి చిల్లర విడుదల చేయలేదు. ఫార్దింగు అంటే పెన్నీలో నాలుగో వంతు. రొట్టె, సారాయి, కొవ్వొత్తి కొనుక్కునే పేదవాడికి అదే లేకపోతే రోజు గడవదు. అప్పుడు ఊరూరా అంగళ్లవాళ్లు, పూటకూళ్లవాళ్లు తమ పేరు, ఊరు, వృత్తి గుర్తు ముద్రించి సొంత బిళ్లలు వేయించుకున్నారు. దర్జీ కత్తెర వేయించాడు, కొవ్వొత్తులవాడు కొవ్వొత్తులు పోస్తున్న మనిషిని వేయించాడు, సత్రంవాడు తన గుమ్మం మీది బొమ్మను వేయించాడు. చదవడం రాని కొనుగోలుదారుకు కూడా ఇది ఎవరి అంగడిదో తెలియాలి కదా. 1672లో రెండో చార్లెస్ ప్రభుత్వం రాగి అర్ధపెన్నీలు, ఫార్దింగులు విడుదల చేసి, సొంత బిళ్లలను నిషేధించేదాకా ఇవే చిల్లర.

ఇప్పుడు ఆ మూడు అక్షరాలు. పైన ఉన్నది ఇంటిపేరులో మొదటి అక్షరం. కింద ఎడమవైపుది భర్త పేరులోది, కుడివైపుది భార్య పేరులోది. అంగడి ఇద్దరిదీ అని గోరంత ఇత్తడి ముక్క మీద చెక్కించి ఊరంతా తిప్పారు. ఆ భార్యల్లో చాలామంది పేరు చర్చి రిజిస్టర్లలో పెళ్లి రోజున, బిడ్డల నామకరణాల్లో, చనిపోయిన రోజున తప్ప మరెక్కడా కనిపించదు. భర్త పోయాక తన ఒక్కదాని పేరునే బిళ్లలు వేయించుకున్న స్త్రీలూ ఉన్నారు. ఈ బిళ్లల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ కుడివైపు అక్షరమే.

చుట్టూ ఉన్న పేరు, ఊరు చదవగలిగితే ఆ మనిషిని పట్టుకోవచ్చు. విలియం బాయిన్ 1858లో ఈ బిళ్లల జాబితా ప్రచురించాడు. దాన్ని 1889 నుంచి 1891 మధ్య విలియమ్సన్ సవరించి పెంచాడు. జిల్లాల వారీగా, ఊళ్ల వారీగా ఉంటుంది కనుక వెతకడం తేలిక. ఆపైన పొయ్యి పన్ను పత్రాలు చూడండి. 1662 నుంచి ఇంట్లో ఎన్ని పొయ్యిలుంటే అంత పన్ను వసూలు చేశారు. మీ వర్తకుడి ఇంట్లో ఎన్ని పొయ్యిలు ఉండేవో కూడా తెలిసే అవకాశం ఉంది.

ఊరికి దూరంగా ఎందుకు ఉందంటే, మన ఊళ్లలో పెంట తోలినట్టే అక్కడా ఇళ్లలోని చెత్త, బూడిద, మరుగుదొడ్ల మలం బండ్లకెత్తి పొలాలకు ఎరువుగా తోలేవారు. జారిపోయిన బిళ్ల, విరిగిన పొగాకు గొట్టం, వంకర మేకు అన్నీ ఆ బండిలోనే వెళ్లాయి. మీకు అదే పొలంలో తెల్లటి మట్టి గొట్టాల ముక్కలు కనిపించాయా? కనిపిస్తే సంగతి అదే.

ఇలాంటి ఒక్క ఇత్తడి బిళ్ల సాధారణంగా 1996 నిక్షేపాల చట్టం కిందికి రాదు. అయినా మీ జిల్లాలోని ఫైండ్స్ లయజాన్ అధికారికి చూపించండి. 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీములో దొరికిన చోటుతో సహా నమోదు చేస్తారు, బిళ్ల తిరిగి ఇస్తారు. చోటు తెలియని బిళ్ల సగం మూగది.

ప్రశ్న: దొరికిన బిళ్లలను చింతపండుతో తోమవచ్చా? ఇంట్లో ఇత్తడి దీపాలు దానితోనే తోముతాం.
— ఒక పాఠకురాలు, రెడింగ్

జవాబు: వద్దు. దయచేసి వద్దు. చింతపండు, నిమ్మకాయ, వెనిగరు, ఇత్తడి తోమే పొడి, ఏదీ వద్దు. మీ దీపం లావుపాటిది, పైపొర పోయినా కింద ఇత్తడి ఉంది. మూడు వందల ఏళ్లకు పైగా మట్టిలో ఉన్న పలచటి బిళ్లకు చాలాసార్లు పైన పేరుకున్న ఆకుపచ్చ, గోధుమ రంగు పొరలోనే అక్షరాలు మిగిలి ఉంటాయి. ఆ పొరను పులుపు తినేస్తే మనిషి పేరే పోతుంది. నీడలో ఆరనిచ్చి, మెత్తని కుంచెతో పొడి మట్టి దులపండి. అక్షరాలు కనపడకపోతే దీపం పక్కవాటుగా పెట్టి, బిళ్లను మెల్లగా తిప్పుతూ చూడండి. నా దగ్గర ఒక బిళ్ల అంచుకు మేకు తుప్పు కరుచుకొని ఉంది. నారింజ రంగు మరక రెండు అక్షరాల మీదుగా పాకింది. దాన్ని అలాగే ఉంచాను. అది ఎలాంటి నేలలో పడి ఉందో ఆ మరకే చెబుతుంది.

సీసం బిళ్లలైతే ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకు ఇవ్వకండి. ఓక్ చెక్క పెట్టెల్లో దాచకండి. ఆ చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

ప్రశ్న: కెంట్ తీరంలో డీల్ పట్నం దగ్గర ఇసుకలో పెద్ద రాగి బిళ్ల దొరికింది. 1808 అని, ఈస్టిండియా కంపెనీ అని, రెండో వైపు ఫార్సీ అక్షరాల కింద ఎక్స్ అనే రోమన్ అంకె, కాష్ అనే మాట ఉన్నాయి. ఇది బీరు తయారీలో వాడే హాప్ కాయల తోటల్లో ఇచ్చిన కూలి బిళ్లా?
— ఒక పాఠకుడు, కాంటర్‌బరీ

జవాబు: కాదండీ. హాప్ కాయలు కోసినవారికి కెంట్ రైతులు ఇచ్చినవి చాలావరకు మోటుగా పోతపోసిన సీసం బిళ్లలు. ఎన్ని బుషెళ్లు (అక్కడి పాత కొలత) కోశారో వాటితో లెక్కపెట్టి సీజన్ చివర డబ్బు ఇచ్చేవారు. మీకు దొరికింది అసలైన నాణెం, అదీ మన వైపు రావలసిన నాణెం! మద్రాసు ప్రెసిడెన్సీ కోసం బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో ముద్రించిన పది కాసుల నాణెం అది. కోస్తా జిల్లాలూ, 1800లో నిజాం దత్తం చేసిన రాయలసీమ జిల్లాలూ అప్పటికి ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. ఈ నాణేలను మోసుకుపోతున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో తుపానుకు చిక్కి, డీల్ ఎదురుగా ఉన్న గుడ్విన్ ఇసుక దిబ్బల మీద మునిగింది. 1980లలో అక్కడి నుంచి లక్షల నాణేలు పైకి తీశారు. మన సంతల్లో, ఉప్పు కొట్ల దగ్గర అరిగిపోవలసినవి చాలావరకు కొత్తవాటిలాగే మిగిలాయి. అదే సోహో టంకశాల అంతకుముందు 1794, 1797 సంవత్సరాలు వేసి రూపాయిలో నలభై ఎనిమిదో వంతు రాగి నాణేలను మన ఉత్తర సర్కారుల కోసమే ముద్రించింది. వాటిని ఎక్కడైనా చూస్తే వదలకండి.

మీది తీరంలో దొరికింది కనుక ఓడ సరుకు కావచ్చు. 1995 మర్చంట్ షిప్పింగ్ చట్టం ప్రకారం అలాంటివాటిని 28 రోజుల్లోగా రిసీవర్ ఆఫ్ రెక్ అనే అధికారికి తెలియజేయాలి. ఈ వారమే ఆ పని చేయండి.

ప్రశ్న: సార్, మా ఊళ్లో పాత కోట గోడ ఉంది. డిటెక్టరు కొని అక్కడ వెతకాలని స్నేహితులం అనుకుంటున్నాం. ఏ యంత్రం మంచిది?
— ఒక విద్యార్థి, వరంగల్ జిల్లా

జవాబు: బాబూ, యంత్రం పేరు చెప్పను. ఇంగ్లండులో పొలం యజమాని అనుమతితో వెతకవచ్చు, అక్కడ కూడా రక్షిత స్థలాల్లో లైసెన్సు లేకుండా డిటెక్టరు వాడితే 1979 చట్టం కింద నేరం. మన దేశంలో 1958 చట్టం కింద రక్షిత కట్టడాల దగ్గర ఇష్టానికి తవ్వడం నేరం. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించి విలువ చేసేది ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు తెలపాలి. చట్టం ఒక్కటే కాదు. కోట గోడ పక్కన ఏ పొరలో ఏది ఉందన్నదే అక్కడి చరిత్ర. ఒక్క గుంట తవ్వితే ఆ వరస చెదిరిపోతుంది, మళ్లీ పేర్చలేం.

నీకు పాత బిళ్లల మీద మనసు ఉంటే తవ్వకుండానే చేయగల పని చాలా ఉంది, నాకు తెలిసి ఎవరూ సరిగ్గా చేయనిది. ఒకప్పుడు మన మున్సిపాలిటీలు సైకిలు పన్ను కట్టినవారికి ఏటా బిళ్ల ఇచ్చేవి, దాన్ని సైకిలుకు బిగించుకునేవారు. రైల్వే కూలీల నంబరు బిళ్లలు, బొగ్గు గనుల్లో దీపాల గది దగ్గర ఇచ్చే బిళ్లలు, హోటళ్ల టిఫిన్ బిళ్లలు కూడా ఇలాంటివే. పాత సైకిలు షాపుల మూల డబ్బాల్లో, ఇనప సామాన్ల కొట్లలో, హైదరాబాదులో గురువారం జరిగే జుమేరాత్ బజారులో ఇవి ఇంకా కనిపిస్తాయి. తూకానికి కరిగించేస్తున్నారు కనుక త్వరపడాలి. కొన్న ప్రతిదానికీ ఒక కవరు పెట్టి, ఎక్కడ, ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నావో దానిమీద రాయి. కొట్టువాడు దాని గురించి ఏం చెప్పాడో ఆయన మాటల్లోనే రాసుకో. మీ ఊరి మున్సిపాలిటీ పేరున్న సైకిలు బిళ్ల దొరికితే రెండు వైపులా ఫోటో తీసి పంపు. వచ్చినవాటిని సంవత్సరాల వారీగా ఈ శీర్షికలోనే అచ్చువేద్దాం.